ఎర్ర లోయలో నిండు సీసాలు

2010 మే నెలలో మా కంపెనీ నన్ను హవాయి దీవుల్లో ఒకటైన కవాయికి పంపింది. అప్పుడు నేను న్యూజెర్సీలో ఒక ట్రావెల్ కంపెనీలో టూర్ మేనేజర్‌ని. నాకప్పగించిన పని ఒక పైలట్ టూర్ నడిపించడం. కొత్త టూర్‌ని అమ్మకానికి పెట్టే ముందు ఒక చిన్న గుంపుని తీసుకెళ్లి, ఎక్కడ నడుస్తుందో ఎక్కడ కుంటుతుందో చూసి రావడాన్ని మా వృత్తిలో పైలట్ అంటారు. ఈ టూర్‌లో ఒకే రోజున ఉదయం లోయ అంచున నడక, మధ్యాహ్నం పగడాల మీద స్నార్కెలింగ్ ఉన్నాయి. స్నార్కెలింగ్ అంటే కళ్లకీ ముక్కుకీ అద్దపు మాస్కు పెట్టుకుని, నోట్లో గొట్టంతో ఊపిరి పీలుస్తూ, నీటి మీద బోర్లా తేలి కింద ఉన్నవాటిని చూడడం. రావలసిన అతిథులు తెలుగువాళ్లే, వాళ్లలో సగం మంది అరవై దాటినవాళ్లు. అమెరికాలో పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండడానికి వచ్చిన తల్లిదండ్రులు.

మా వృత్తిలో మెట్లు మూడు. టూర్ ఎస్కార్ట్ అంటే గుంపుతో వెళ్లి, పెట్టెలు లెక్కపెట్టి, హోటల్ గదుల తాళాలు పంచే మనిషి. టూర్ మేనేజర్ అంటే దారిలో ఏ నిర్ణయమైనా తీసుకోగల, దానికి జవాబు చెప్పుకోవలసిన మనిషి. ఆపరేషన్స్ మేనేజర్ అంటే ఆఫీసులో కూర్చుని ఈ ఇద్దరికీ ఫోన్‌లో సలహాలిచ్చే మనిషి. నేను మొదటి మెట్టు మీద కొన్నేళ్లు, రెండో మెట్టు మీద చాలా ఏళ్లు పనిచేశాను. మూడో మెట్టు ఎక్కమని రెండుసార్లు అడిగారు. కుర్చీలో కూర్చుని ఊళ్లు తిప్పడం నాకు చేతకాదని చెప్పేశాను.

బ్రోషర్‌లో మావాళ్లు "ఎడారి లోయ" అని వేశారు. నిజానికి అది పూర్తి ఎడారి కాదు. కవాయి నడిమి కొండల మీద వాన తెరిపివ్వదు, పడమటి వైపు మాత్రం చుక్క రాలడమే గగనం. ఆ వైపున్న లోయ ఎర్రమట్టితో, ఎండిన గడ్డితో, నీడ లేని అంచులతో ఉంటుంది. ఎండ పైనుంచే కాదు, మట్టిలోంచి కూడా వచ్చినట్టుంటుంది. కాబట్టి ఆ మాటని కొట్టేయమని నేనూ పట్టుబట్టలేదు.

పట్టుబట్టింది వేరే విషయం మీద. సముద్రం పొద్దున ప్రశాంతంగా ఉంటుంది, మధ్యాహ్నం గాలి లేస్తుంది కాబట్టి నీళ్లు ముందు, నడక తర్వాత అని ఆపరేషన్స్ మేనేజర్ గీసిచ్చాడు. నేను మార్చిలో సొంతంగా వెళ్లి ఆ దారంతా నడిచి చూశాను. మిట్టమధ్యాహ్నం ఆ మట్టి మీద అరవై ఏళ్ల వాళ్లని నడిపించడం కంటే, కాస్త అల ఉన్న నీళ్లలో దించడమే నయమని రాసి పంపాను. నీళ్లలో ఇబ్బంది అయితే అయిదు నిమిషాల్లో ఒడ్డుకి చేర్చవచ్చు, కాలిబాటలో ఇబ్బంది అయితే మోసుకు రావాలి. ఫోన్‌లో చాలాసేపు వాదించి, చివరికి "సరే, నీ ఇష్టం, నీ బాధ్యత" అన్నాడు. నాకు కావలసింది కూడా ఆ రెండు ముక్కలే.

నడకకి ముందు రోజు సాయంత్రం హోటల్‌లో అందరినీ కూర్చోబెట్టి వివరాలు చెప్పాను. ప్రశ్నలు మామూలువే. పెరుగన్నం దొరుకుతుందా, వ్యాన్‌లో ముందు సీటు ఎవరికి, సెల్ సిగ్నల్ ఉంటుందా. వెనక వరసలోంచి ఒకావిడ మాత్రం చెయ్యెత్తి అడిగింది.

"అమ్మా, అక్కడ పగడాలు బతికున్నవే కనిపిస్తాయా, చచ్చినవా?"

ఆవిడ పేరు రాజ్యలక్ష్మి గారు. ఒంగోలు వైపు జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. కొడుకు కిరణ్ మోరిస్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. భర్తకి మోకాళ్ల నొప్పులు కాబట్టి ఆయన ఇంట్లోనే ఉండిపోయారు, తల్లీ కొడుకులిద్దరే వచ్చారు. బతికున్నవే అని నేను చెప్పగానే ఆవిడ ముఖం విప్పారింది.

సమావేశం అయ్యాక నా దగ్గరకొచ్చి కారణం చెప్పారు. కాలేజీ లేబొరేటరీలో గాజు సీసాలో తెల్లటి పగడపు ముక్క ఒకటుండేదట. ముప్పై ఏళ్ల పాటు దాన్నే బల్ల మీద పెట్టి పాఠం చెప్పారు. "ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవాళ్లమ్మా, మేడమ్ మీరు చూశారా అని. చూడలేదనే చెప్పేదాన్ని. ఇంకో వారంలో నాకు ఇండియా ఫ్లైట్. ఈ వయసులో మళ్లీ ఇంత దూరం వచ్చేదెప్పుడు, ఈ సముద్రంలో దిగేదెప్పుడు?" అన్నారు. ఈత రాదని కూడా చెప్పారు. రాకపోయినా పర్వాలేదని, లైఫ్ వెస్ట్ వేసి మనిషిని పక్కన పెడతామని చెప్పాను. పనిలో పనిగా, నాకూ నలభై ఎనిమిదో ఏట దాకా ఈత రాదని చెప్పాను. ప్లెయిన్స్‌బరోలో మా ఇంటి దగ్గరి కొలనులో చంటిపిల్లల బ్యాచ్‌తో పాటు మోచేతుల దాకా ఉన్న స్విమ్ సూట్ వేసుకుని నేర్చుకున్నాను. ఆ పిల్లల తల్లులు నవ్వితే నవ్వారు గానీ, రెండేళ్లకి నీటి భద్రత సర్టిఫికెట్ కూడా తీసుకున్నాను. ఆఫీసులో అది ఎవరికీ పనికొచ్చే కాగితంలా కనబడలేదు. నాకు మాత్రం పదవిలాగే ఉండేది.

మర్నాడు తెల్లవారగానే వ్యాన్ బయల్దేరింది. స్థానిక గైడ్ పేరు కలానీ. ఆ దీవిలోనే పుట్టి పెరిగిన నడివయసు మనిషి. కాలిబాట మీదా నీళ్లలోనూ అతనే పెద్ద. మా భాషలో వాటర్ లీడ్. నీళ్లలోకి ఎవరు దిగాలో ఎవరు దిగకూడదో అతని మాటే చివరి మాట. నేను దాన్ని కాదనడానికి లేదు. హవాయిలో పెద్దవాళ్లని, చుట్టాలైనా కాకపోయినా, ఆంటీ అనీ అంకుల్ అనీ పిలుస్తారు. అతను వ్యాన్ ఎక్కుతూనే "గుడ్ మార్నింగ్ ఆంటీస్, అంకుల్స్" అనేసరికి మావాళ్లంతా మురిసిపోయారు. మన పద్ధతి తెలిసిన పిల్లాడు అని ఒక పెద్దాయన సర్టిఫికెట్ కూడా ఇచ్చేశారు.

కాలిబాట మొదట్లో కలానీ నిబంధనలు చెప్పాడు. ప్రతి మనిషికీ రెండేసి లీటరు సీసాలు ఇచ్చాడు. ఆగిన ప్రతి చోటా తాగాలి, దాహం వేసేదాకా ఆగకూడదు అన్నాడు. గుంపుకి ముందు నడిచేవాడు లీడ్, చివర నడిచే మనిషి స్వీప్. స్వీప్ వెనక ఎవరూ ఉండకూడదు. ఆ రోజు లీడ్ అతను, స్వీప్ నేను.

మొదటి గంట హాయిగా నడిచింది. లోయ కిందకి దిగే ఎర్రటి గోడలు, వాటి మీద పచ్చటి చారలు, ఎక్కడో దూరంగా దారంలా జలపాతం. ఫోటోలు తీసుకునేవాళ్లు, తీయించుకునేవాళ్లు, వెనక్కి నడుస్తూ తీసి నా చేత చీవాట్లు తిన్నవాళ్లు. ఆగిన ప్రతి చోటా కలానీ "అందరూ నీళ్లు తాగుతున్నారా?" అని ఇంగ్లీషులో అడిగేవాడు. "ఎస్, ఎస్" అని అందరూ తలలూపేవాళ్లు. కలానీ తృప్తిగా ముందుకి కదిలేవాడు.

సగం దూరంలో, మళ్లీ వెనక్కి తిరగవలసిన చోట, రాజ్యలక్ష్మి గారు నెమ్మదించారు. స్వీప్ పక్కన నడవడం ఎవరికైనా ఇష్టమే గానీ, అప్పటిదాకా మధ్యలో ఉన్న మనిషి చివరికి జారితే స్వీప్ గమనించాలి. గమనించాను. ఒక బండ మీద కూర్చుని కణతలు నొక్కుకుంటున్నారు.

"నీళ్లు తాగారా మేడమ్?"

"ఆఁ, తాగానమ్మా. గొంతు తడుపుతూనే ఉన్నా."

"తల నొప్పా?"

"అబ్బే, ఏం లేదు. కొంచెం తల తేలిపోతున్నట్టుంది అంతే. మీరు పదండి, నేను వచ్చేస్తా."

ఇలాంటి జవాబులు నేను వేలల్లో విన్నాను. ఇంటికొచ్చిన చుట్టాన్ని భోంచేశారా అని అడిగితే, ఆకలితో కడుపు నకనకలాడుతున్నా "అయిందండీ" అనేస్తారు. అది అబద్ధం కాదు. ఎదుటివాళ్లకి శ్రమ ఇవ్వకూడదనే మర్యాద. ఆవిడ భుజాన ఉన్న సంచీ తీసుకుంటానని చెప్పి అందుకున్నాను. మోత బరువు చెప్పేసింది. రెండు సీసాలూ నిండుగా ఉన్నాయి. ఒక దాని మూతకి సీలు కూడా ఊడలేదు.

గబగబా ముందుకెళ్లి మిగతావాళ్ల సంచీలు కూడా ఒక్కొక్కటే చేత్తో తూచి చూశాను. మగవాళ్ల సీసాలు సగం పైగా ఖాళీ. ఆడవాళ్లవి దాదాపు అన్నీ నిండు. పెద్దవాళ్లవే కాదు, ముప్పై ఏళ్ల కోడళ్లవి కూడా.

ఇది కలానీకి అర్థం కాని విషయం. నాకు అరక్షణం పట్టింది. మన ఆడవాళ్లు బస్సెక్కే రోజున పొద్దున్నే గ్లాసు పక్కన పెట్టేస్తారు. దారిలో ఎక్కడ ఆగుతుందో తెలియదు, ఆగినా వెళ్లదగ్గ చోటు ఉంటుందో లేదో తెలియదు, బండి ఆపమని నలుగురిలో అడగడం ఎలా? అందుకని అసలు తాగరు. నేనూ రాజమండ్రి నుంచి విజయవాడ బస్సులో అలాగే వెళ్లేదాన్ని. ఎక్స్‌ప్రెస్ బస్సులో కూర్చోవడానికి అది సరిపోతుందేమో. ఎండలో, ఎర్రమట్టి మీద, మూడు గంటలు నడవడానికి సరిపోదు.

కలానీని పక్కకి పిలిచి, మగవాళ్లందరినీ తీసుకుని ఆ వంపు దాటి కూర్చోమన్నాను. ఎందుకని అడిగాడు. ఆడవాళ్ల మీటింగ్ అన్నాను. అడిగినా చెప్పనని అర్థమై, పది మంది అంకుల్స్‌ని తోలుకుని వెళ్లిపోయాడు. ఆడవాళ్లని ఒక చెట్టు చాలీచాలని నీడలో కూర్చోబెట్టి తెలుగులో అడిగాను.

"బాత్రూమ్‌కి భయపడి ఎవరూ నీళ్లు తాగడం లేదు. నిజమా కాదా?"

ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. చివరికి రాజ్యలక్ష్మి గారే అన్నారు. "మరి ఈ కొండలో ఎక్కడ ఉందమ్మా? ఒకవేళ నాకు అవసరమైతే మీరందరూ ఆగాలి కదా. నా మూలంగా అందరికీ లేటు."

ఉంది. రెండు గంటలు దాటిన ఏ నడకకైనా వ్యాన్‌లో మడతపెట్టిన డేరా, బకెట్ లాంటి సీటు, సంచులు, చేతులు కడుక్కోవడానికి నీళ్లు తప్పనిసరిగా ఉండాలన్నది నేను పెట్టించిన నిబంధన. ఆపరేషన్స్‌లో ఇద్దరు కుర్రాళ్లు "ఆంటీ, క్యాంపింగ్‌కి వెళ్తున్నామా?" అని ఆటపట్టించారు కూడా. పైగా మట్టిరోడ్డు కాలిబాటని తాకే చోటు అక్కడికి దగ్గర్లోనే ఉంది. ఇవన్నీ ఉన్నాయి గానీ, గైడ్ చెప్పే నిబంధనల్లో నీళ్ల మాట ఉంది, డేరా మాట లేదు. అడిగినవాళ్లకి చూపిస్తారు. మనవాళ్లు అడగరు.

రేడియోలో డ్రైవర్‌ని పిలిచాను. వ్యాన్ ఆ చోటికి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. డేరా వేసి, ముందు నేను వెళ్లొచ్చాను. నా తర్వాత వెళ్లడానికి ఎవరికీ మొహమాటం లేకపోయింది. దాని తర్వాత జరిగింది చూసి తీరాలి. సీసాలు గటగట ఖాళీ అయ్యాయి. పిల్లల పెళ్లిళ్ల నుంచి పరాయి కోడళ్ల వంట దాకా కబుర్లు పేలాయి. అప్పటిదాకా కిమ్మనకుండా నడిచిన మనుషులు వీళ్లేనా అనిపించింది.

రాజ్యలక్ష్మి గారిని మాత్రం వ్యాన్‌లో కూర్చోబెట్టాను. నడక అక్కడితో చాలు. తలనొప్పి ఉందని అప్పుడు ఒప్పుకున్నారు. లేచి నిలబడితే కొంచెం తూలుతోందని కూడా.

అప్పుడే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ గైడ్‌కి చెప్పకమ్మా."

ఆవిడ భయం ఏమిటో నాకు తెలుసు. పొద్దున కలానీ చెప్పిన నిబంధనల్లో ఇది కూడా ఉంది. నడకలో ఎవరికైనా ఎండ తగిలినట్టు అనిపిస్తే వాటర్ లీడ్‌కి చెప్పాలి. ఆ మనిషిని నీళ్లలో దించాలా వద్దా అన్నది అతను చూసి తేలుస్తాడు. సాధారణంగా గైడ్లు వద్దంటారు. వద్దనడం తేలిక, వద్దన్నందుకు ఎవరూ నిలదీయరు.

కిరణ్ కూడా వెనకే వచ్చాడు. "ఆంటీ, ప్లీజ్. ఈ ట్రిప్ బుక్ చేసిందే అమ్మ కోసం. నెక్స్ట్ వీక్ ఫ్లైట్. నీళ్లు తాగింది కదా, ఒక గంటలో సెట్ అయిపోతుంది. ఎందుకు ఇష్యూ చేయడం?"

"దాచి దించితే, నీళ్లలో మళ్లీ తల తిరిగితే ఏం చేస్తావు నాయనా?" అన్నాను. రాజ్యలక్ష్మి గారితో చెప్పాను, నేను దాచను, కానీ చెప్పాల్సిన పద్ధతిలో చెబుతాను అని. ఆవిడ చెయ్యి వదిలేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆ క్షణంలో ఆవిడకి నా మీద కోపం వచ్చిందనే అనుకుంటున్నాను. రావడం న్యాయమే.

కలానీ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎన్ని గంటలు నీళ్లు లేకుండా నడిచారో, ఎందుకు తాగలేదో, ఇప్పుడు ఎంత తాగారో అన్నీ. బాత్రూమ్ సంగతి విని అతను నోరు తెరిచాడు. ఇన్నేళ్లుగా ఇండియన్ ఆంటీలు తనకి "ఎస్" అని చెబుతున్నది మర్యాద కోసమేనా అన్నాడు. తర్వాత నేను ఊహించినట్టే తల అడ్డంగా ఊపాడు. నేను బతిమాలలేదు. దానికి బదులు ఒకే ప్రశ్న అడిగాను. ఆవిడ ఎలా ఉంటే నువ్వు సరేనంటావు?

మా పనిలో నాకు తెలిసిన కిటుకు ఇదొక్కటే. కాదన్న మనిషిని దయచూడమని అడిగితే ఇంకా బిగుసుకుంటాడు. కొలత అడిగితే ఆలోచిస్తాడు. కలానీ ఆలోచించి వరసగా చెప్పాడు. రెండు గంటలు నీడలో విశ్రాంతి. ఉప్పు వేసిన ద్రవం తాగాలి. తలనొప్పి పూర్తిగా పోవాలి. ఒకటికి రెండుసార్లు బాత్రూమ్‌కి వెళ్లాలి. తూలకుండా నడిచి చూపించాలి. ఇవన్నీ అయినా, మిగతావాళ్లని లోతు నీళ్లలో పగడాల దగ్గరికి తీసుకెళ్లే పడవ ఎక్కించేది లేదు. ఒడ్డునే బండలు గోడలా చుట్టిన లోతు తక్కువ మడుగులో మాత్రమే, అది కూడా సర్టిఫికెట్ ఉన్న మనుషులు ఇద్దరు పక్కనుంటేనే. పడవతో దాని గైడ్లు వెళ్తారు. "నేను ఒడ్డున ఒక్కణ్నే ఉంటాను, రెండో మనిషి ఎవరు?" అన్నాడు.

నేను పర్సులోంచి నా సర్టిఫికెట్ తీసి చూపించాను. అతను దాన్నీ నన్నూ ఒకసారి చూసి, "ఆంటీ, మీరా?" అన్నాడు. అంత సంతోషం నాకు ప్రమోషన్ వచ్చిన రోజున కూడా కలగలేదు.

తక్కినవాళ్ల నడక పూర్తయి సముద్రతీరానికి చేరేసరికి గాలి ఇంకా లేవలేదు. మిగతావాళ్లు పడవ ఎక్కారు. కిరణ్ ఎక్కనని మొండికేస్తే తల్లే పంపించారు. "నువ్విక్కడ నా మొహంలోకి చూస్తూ కూర్చుంటే నాకు ఇంకా భయమేస్తుంది, పోరా" అన్నారు. పడవ కదిలాక, వేసవిలో రైలు కోసం ఎదురుచూసినట్టు మేమిద్దరం పార్కులో చెట్టు కింద కూర్చున్నాం. కూలర్‌లో మజ్జిగ ఉంది. టూర్ ఏ దేశంలో అయినా నా కూలర్‌లో మజ్జిగ ఉంటుంది. అందులో ఉప్పు ఎక్కువే వేసి ఇచ్చాను. రెండు ముద్దలు పులిహోర తిన్నారు. మొదటి గంట చెట్టుకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు. తర్వాత లేచి అవతలి బాత్రూమ్‌కి వెళ్లొచ్చారు. మరో అరగంటకి ఇంకోసారి.

"ఇదిగో అమ్మా, రెండోసారి. మీ వాడికి చెప్పు" అన్నారు వస్తూ. నవ్వారు కూడా. కోపం పోయిందని తెలిసింది.

కలానీ పరీక్ష తేలిగ్గా పెట్టలేదు. ఇసుక మీద గీత గీసి దాని మీద నడిపించాడు. ఒంటికాలి మీద నిలబడమన్నాడు. వేలు కదిలిస్తూ కళ్లతో అనుసరించమన్నాడు. మనసు చురుగ్గా ఉందో లేదో చూడడానికి ఏదో ఒకటి అడగాలి కాబట్టి, నీళ్లలో ఏం చూడబోతున్నారు అని అడిగాడు. ఆవిడ పగడం ఏ జాతికి చెందిందో, నోరు ఎక్కడుంటుందో, లోపల ఏ నాచు కాపురముండి దానికి తిండి పెడుతుందో, ఇంగ్లీషులో ఒక్క బిగిన అప్పజెప్పారు. కలానీ రెండు చేతులూ ఎత్తేసి "ఓకే ఆంటీ, ఓకే" అన్నాడు.

నీళ్లలో దింపడానికీ ఒక క్రమం ఉంది. సల్వార్ మీద ఒంటికి పట్టే పొడుగు చేతుల చొక్కా, దాని మీద లైఫ్ వెస్ట్. తలకి కొబ్బరి నూనె ఉంది కాబట్టి మాస్కు పట్టీ జారిపోతుంటే, చున్నీని నుదుటి మీద నుంచి బిగించి కట్టి దాని మీద పట్టీ వేశాను. నడుము లోతులో నిలబెట్టి, ముందు మొహం నీళ్లలో పెట్టకుండా గొట్టంతోనే ఊపిరి తీయించాలి. అది అలవాటయ్యాక మొహం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆవిడా మూడుసార్లు తల ఎత్తేశారు. ఊపిరి బిగపట్టి, దగ్గి, "నా వల్ల కాదమ్మా" అన్నారు.

"మేడమ్, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా నిలబడ్డాను. నేను చెప్పేదాకా లేవడానికి లేదు" అన్నాను.

నాలుగోసారి లేవలేదు. ఒక పక్క కలానీ, ఒక పక్క నేను మోచేతులు పట్టుకుని, కాళ్లు నేలకి తగలకుండా ఆ మడుగు చివరి బండల దాకా మెల్లగా తేల్చుకుంటూ తీసుకెళ్లాం. అక్కడ కింద పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో, బోర్లించిన బుట్టల్లా, పగడాలున్నాయి. పక్కన గోధుమ రంగులో కాలీఫ్లవర్ పువ్వులాంటివి. ఒక పెద్ద చిలకముక్కు చేప బండని కొరుకుతుంటే ఆ కరకర చప్పుడు మా చెవులకి స్పష్టంగా వినిపించింది. రాజ్యలక్ష్మి గారి మోచెయ్యి నా చేతిలో కాస్సేపు బిర్రుగా ఉండి తర్వాత వదులైంది. ఆవిడ అలా ఎంతసేపు చూశారో నేను లెక్కపెట్టలేదు. కలానీ రెండుసార్లు చాలన్నట్టు సైగ చేశాడు. రెండుసార్లూ ఆవిడే తల అడ్డంగా ఊపారు.

ఒడ్డుకి తెచ్చి మాస్కు తీశాక కళ్లూ ముక్కూ చుట్టూ గుండ్రటి అచ్చు పడి ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి. ఉప్పునీళ్ల వల్లో ఏడవడం వల్లో నేనడగలేదు. ఇసుకలో కూలబడి అన్నారు.

"ముప్పై ఏళ్లు పిల్లలకి తెల్లటి ముక్క చూపించి పగడం అంటే ఇదేనని చెప్పానమ్మా. అది ఎముక. ఇల్లు చూపించి మనిషిని చూశారా అన్నట్టు. ఇవాళ చూశాను మనిషిని."

పడవ తిరిగొచ్చేసరికి గాలి లేచింది. బయట అల ఎక్కువై, కిరణ్ సగం సేపు పడవ అంచు పట్టుకుని వాంతులు చేసుకుంటూనే గడిపాడట. పాలిపోయిన మొహంతో దిగి, "అమ్మా, నువ్వు దిగావా? ఏమైనా కనిపించిందా?" అని అడిగాడు. "ముందు కూర్చుని మజ్జిగ తాగు, తర్వాత చెప్తా" అన్నారావిడ. వ్యాన్‌లో హోటల్ దాకా చెప్పారు. వెనక సీట్ల వాళ్లు కూడా ముందుకి వంగి విన్నారు. డ్రైవర్ పక్కన కూర్చున్న కలానీకి తెలుగు ఒక్క ముక్క రాకపోయినా, రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

పైలట్ నెగ్గింది. మరుసటి ఏడాది నుంచి ఆ టూర్ మా కంపెనీలో క్రమం తప్పకుండా నడిచింది. ఆపరేషన్స్ మేనేజర్ నేను మార్చిన వరసనే ఉంచి, బ్రోషర్‌లో అది తన ఆలోచన అన్నట్టు రాసుకున్నాడు. రాసుకోనిమ్మన్నాను. నేను పట్టుబట్టి మార్పించింది ఒక్కటే. కొత్త గైడ్లకీ టూర్ మేనేజర్లకీ ఇచ్చే శిక్షణలో మొదటి మాట. నేను రిటైరయ్యేదాకా ఆ శిక్షణ నేనే ఇచ్చాను. అదే దీవిలో కలానీ కూడా తన మనుషులకి అదే మాట నేర్పుతున్నాడని తర్వాత ఒకసారి వెళ్లినప్పుడు చూశాను. కాలిబాట మొదట్లో నిలబడి, సీసాలు పంచకముందే, డేరా ఎక్కడుందో చేత్తో చూపించి చెబుతున్నాడు.

ఆ రోజు నేర్చుకున్నది ఇంతే. నీళ్లు తాగారా అని అడిగితే మనవాళ్లు మర్యాదగా జవాబు చెబుతారు. బాత్రూమ్ ఎక్కడుందో ముందు చెబితే నీళ్లు తాగుతారు.